తువ్వాల కింద బేరం

శివరాత్రి పోయిన నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, మన్ననూరులో మా ఇంటి పైకెక్కి నేను ఒక కోతితో పంచాయితీ పడుతుండగా, వాకిట్లో తెల్ల ఇన్నోవా ఒకటి వచ్చి ఆగింది. కోతి చేతిలో ఒక పెంక, నా చేతిలో ఒక పెంక. ఎవరు ముందు విసురుతారా అని ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటున్నాం. హారను మోగగానే కోతి తన పెంకను వదిలేసింది. అది వాకిట్లో పడి నాలుగు ముక్కలైంది. ఆ యేడు పగిలినవాటిలో నూట పదకొండోది.

కారు దిగినాయన శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాడని నుదుటి మీది విభూతి, ముందర అద్దం కింద పెట్టిన లడ్డూల సంచీ చెబుతున్నాయి. చాయ్ కోసం ఆగాడనుకుని, హోటలు అవతల ఉందని పైనుంచే చెయ్యి చూపాను. ఆయన అటు చూడలేదు. మా గోడనే చూస్తున్నాడు, పెండ్లిచూపులకు వచ్చినవాడి లెక్క.

"అన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఈ ఇల్లు ఇస్తవా?"

"కిరాయికా?" అన్నాను. దీన్ని కొనే మనిషి కూడా భూమ్మీద ఉంటాడని నాకు తోచలేదు మరి.

"కొనుక్కుంట అన్నా."

నేను నిచ్చెన దిగాను. మామూలుగా ఆ నిచ్చెన దిగడానికి నాకు పావుగంట పడుతుంది, మోకాళ్లు అట్లాంటివి. ఆ రోజు ఎట్లా దిగానో ఇప్పటికీ తెలియదు.

ఇల్లంటే పెద్ద ఇల్లేమీ కాదు. మూడంకణాల మట్టి ఇల్లు. గోడలు మూరెడు మందం. పైన గూన పెంకలు. వెనక బాయి, ఒక వేపచెట్టు, నాలుగు సీతాఫలం చెట్లు. దర్వాజ పైచెక్క మీద 1961 అని చెక్కి ఉంటుంది. తాత కట్టాడు, నాయిన కాపాడాడు, మేము హైదరాబాదులో ఉండి తలుచుకుంటున్నాం. గూన పెంకల సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను: ఒకటి వెల్లకిల పెట్టి, పక్కపక్క అంచులను కలుపుతూ ఒకటి బోర్లా వేస్తారు. మృగశిర కార్తెకు ముందు వరుసలన్నీ సర్దుకుంటే వాన లోపలికి రాదు. కోతికి మృగశిర పట్టింపు లేదు. బోర్లా ఉన్న పెంకను లేపుతుంది, కింద జెర్రో తేలో ఉందేమోనని తొంగి చూస్తుంది, ఏమీ లేకపోతే కోపమొచ్చి దొర్లిస్తుంది, ఉంటే సంతోషం పట్టలేక దొర్లిస్తుంది. ఈ పెంకలు చేసే కుమ్మరాయన సారె ఆపి ఏండ్లయింది. అందుకని చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పాత ఇల్లు కూలిందంటే, పరామర్శకు పోయినట్టు పోయి పెంకలు బేరమాడి తెచ్చుకుంటాం.

ఇట్లాంటి ఇంటికి ఆయన గజానికి ఇంత అని ఒక అంకె చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను. మా మేనత్త పత్రికలు చదువుతుంది.

ఎందుకు కొంటున్నావని అడిగాను. ఆయన చెప్పింది వింటే, ఇన్నేండ్లు మా ఊరిని మేము చూడనే లేదనిపించింది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయేవాళ్లకు మన్ననూరంటే ఊరు కాదు, ఒక గేటు. అటవీశాఖ వాళ్లు రాత్రి తొమ్మిదికి వేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. నడుమ తొమ్మిది గంటలు ఆ రోడ్డు పులులది, ఎలుగుబంట్లది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతో ప్రకటించిన పులుల అడవిలో, 2014 రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ పాలికి వచ్చిన ముక్కే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,611 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం రెండైతే పులులకు కూడా పంపకాలు జరిగాయి. మా ఇంటికే ఇంకా జరగలేదు.

సరే, ఆ గేటు. తొమ్మిది దాటి పది నిమిషాలకు అక్కడికి చేరుకున్నవాడి మొహం మీరెప్పుడైనా చూశారా? కర్మన్‌ఘాట్‌లో ట్రాఫిక్‌ను తిడతాడు, కల్వకుర్తిలో రెండో చాయ్ తాగుదామన్న బామ్మర్దిని తిడతాడు, చివరికి మల్లన్నను కూడా ఒక మాట అంటాడు. తర్వాత సీటు వెనక్కి వాల్చి దోమలకు ఒళ్లప్పగిస్తాడు. "గట్ల రోజూ ఎంతమంది ఆగుతరో చూసినవా అన్నా?" అన్నాడు ఇన్నోవా ఆయన. "ఈడ ఆరు రూములు, మట్టి గోడలు, జొన్నరొట్టె, నాటుకోడి. పొద్దుగాల ఫర్హాబాద్ సఫారీ. రాత్రికి ఎంతంటే అంత ఇస్తరు."

ఊరుకుంటే బాగుండేది. ధర ఇంకా పెరుగుతుందని నమ్మించడానికి రెండో కారణం కూడా చెప్పాడు. "ఈడికెల్లి శ్రీశైలం దాక అడివి మీదికెల్లి పిల్లర్ల మీద రోడ్డు వేస్తరంటుండ్రు కదా. అది పడ్డదంటే మీ ఊరి కథే వేరు."

ఆ ప్రతిపాదన నిజమే, పేపర్లలో వస్తూనే ఉంది. కానీ ఆ రోడ్డు వచ్చేదే కింద పులులు, పైన బండ్లు ఎవరి దారిన వాళ్లు రాత్రీ పగలూ పోవడానికి. అప్పుడు గేటుకు పనేముంది? గేటు లేకపోతే తొమ్మిదీ పదికి చిక్కుకుపోయేవాడెవడు? వాడు లేకపోతే ఆరు రూముల్లో పండేదెవరు, కోతులా? ఈ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. బేరం చేసేటోడి లెక్కలో తప్పు పట్టొద్దని తాత చెప్పేవాడు.

ఆయన ఇల్లంతా తిరిగి చూశాడు. గోడ మీది పగులును వేలితో నిమిరి "వింటేజ్" అన్నాడు. నేల పేడతో అలికి ఉంటే "కూల్" అన్నాడు. ఉట్టి కొక్కేనికి ఫోటో తీశాడు. వంటకొట్టు తలుపు పక్కన గోడ మీద మా అమ్మ సున్నం వేలితో గీసిన గీతలున్నాయి. నిలువు గీత ఒకటి గీస్తే ఒక రోజు పాలు పోయించుకున్నట్టు. అయిదు గీతల మీద అడ్డగీత. అట్లాంటి కట్టలు మూడు, విడిగా రెండు. నెలాఖరుకు పక్కింటి పెద్దమ్మకు లెక్క కట్టి తుడిచేసేది. ఆ నెలాఖరుకు అమ్మ లేదు. తర్వాత రెండుసార్లు సున్నం వేయించాం. ఆ మూరెడు గోడ మాత్రం ఎవ్వరం ముట్టలేదు. ఇన్నోవా ఆయన దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇది అస్సలు చెరపొద్దన్నా. ట్రైబల్ ఆర్ట్ కదా?" అన్నాడు.

లోపలినుంచి మా ఆవిడ దగ్గింది. అది దగ్గు కాదు.

ఆయన విజిటింగ్ కార్డూ లడ్డూ ఇచ్చి పోయాక ఆవిడ బయటికొచ్చింది. "పదిహేనేండ్ల నుంచి బాత్రూంల టైల్స్ ఏపియ్యమంటే, ఈ ఇంటికి పెట్టుడు దండుగ అన్నవు. ఆయన పది నిమిషాలల్ల గోడలకు ముద్దులు పెట్టిపాయె. అమ్ము. అమ్మి ఆ పైసలతోటి టైల్సున్న ఇల్లు కొను."

ఆ రాత్రి కుటుంబ వాట్సాప్ గ్రూపులో సంగతి పెట్టాను. అది నిరుటి ఉగాది శుభాకాంక్షల తర్వాత చచ్చిపోయి ఉన్న గ్రూపు. ఒక్కసారిగా లేచి కూర్చుంది. వారసులం ఏడుగురం: నేను, అన్న, అక్క, పెద్దనాయిన పిల్లలు ముగ్గురు, మేనత్త. పెద్దనాయిన చిన్నకొడుకు డాలస్‌లో ఉంటాడు. మొదట వాడిదే జవాబు. "అన్నా, అది మన రూట్స్. అస్సలు అమ్మొద్దు." నలభై నిమిషాల తర్వాత ఇంకోటి: "ఒకవేళ అమ్మితే నా షేర్ ఎంతొస్తది? జస్ట్ ఆస్కింగ్." వేళ్ల దగ్గరి నుంచి వాటా దాకా రావడానికి నలభై నిమిషాలు పట్టిందంటే వాడికి ఊరి మీద నిజంగానే ప్రేముంది. మా అన్న పద్దెనిమిదో నిమిషంలోనే వచ్చేశాడు.

అక్కకు ఇంటితోపాటు చిన్నప్పుడు పోగొట్టుకున్న వెండి పట్టీ కూడా గుర్తొచ్చింది. బాయిలో పడిందట. అమ్మేముందు బాయి తోడించాలట. మేనత్త ఫోనే చేసింది. "మా నాయిన కట్టిన ఇల్లురా. నా పెండ్లి గా వాకిట్లనే అయింది. ఇల్లమ్మితే నా పెండ్లి అమ్మినట్లే." ఏడ్చింది. నాకూ కండ్లల్లో నీళ్లొచ్చాయి. ఫోను పెట్టేసేముందు ముక్కు చీది, "తాత వీలునామా రాయలే. సొంత కష్టం మీద కట్టిండు. 1956 చట్టం కిందనే కొడుకులతోటి సమానంగ నాకూ పాలుంటది. గది యాదుంచుకో" అంది. తర్వాత వకీలును అడిగితే అక్షరం పొల్లు పోకుండా అదే చెప్పాడు, ఫీజు తీసుకుని.

నేనేమైనా తక్కువ తిన్నానా? ఆ రాత్రి నిద్రపట్టక, గత నాలుగేండ్లలో ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకున్నానో లెక్కేశాను. పద్నాలుగు. అందులో ఆరు సలేశ్వరం జాతరవి. చైత్ర పున్నమికి "వస్తున్నం లింగమయ్యా" అని కేకలేస్తూ అడవిలోకి పోయేవాళ్లలో మా చుట్టాలు పాతికమందికి తక్కువుండరు. వాళ్లందరి బ్యాగులు మా ఇంట్లో ఉంటాయి, కాబట్టి కాపలాకు నేనుండాలి. అవి తీసేస్తే ఎనిమిది. నాలుగేండ్లకు ఎనిమిది రాత్రులు ఉన్నవాడిని, గుండెకాయ కోసి అమ్ముతున్నట్టు బొర్లుతున్నాను.

2019లో యురేనియం గొడవప్పుడు కూడా ఇంతే. నల్లమలలో తవ్వకాలంటే ఇక్కడి జనం రోడ్డెక్కారు, దారులకడ్డం కూర్చున్నారు. ఆ సెప్టెంబరులో అసెంబ్లీ తవ్వకాలొద్దని తీర్మానం చేసిందాకా ఊరుకోలేదు. మేము ఏడుగురం హైదరాబాదు నుంచి, కల్వకుర్తి నుంచి, డాలస్ నుంచి ఫోన్లలో 'సేవ్ నల్లమల' బొమ్మ పెట్టుకున్నాం. అదే వానాకాలం ఇంటి మీద మూడు వరుసల పెంకలు లేక వంటకొట్టులో నీళ్లు నిలబడ్డాయి. నల్లమలను కాపాడే హడావుడిలో వంటకొట్టును చూసేవాడు లేకపోయాడు.

మర్నాడు తేనె తెచ్చే చెంచు పెద్దాయన వచ్చాడు. ఊళ్లో అప్పటికే అందరికీ తెలిసిపోయింది. "నీకెంతిస్తుండట?" అని అడిగాడు. నసిగాను. పులుల కోర్ ప్రాంతంలోని ఊళ్లు ఖాళీ చేసి బయటికొస్తామంటే కుటుంబానికి పదిహేను లక్షలు, వద్దంటే భూమీ ఇల్లూ ఇస్తామని సర్కారు చెబుతోంది. 2021కి ముందు అది పది లక్షలుండేది. ఆయన చుట్టాలను కూడా అడుగుతున్నారు. నాలాగా రాత్రులు లెక్కపెట్టుకునే పని వాళ్లకు లేదు, అన్ని రాత్రులూ అక్కడివే. "మా ఇంటికి పదిహేను అంటుండ్రు" అన్నాడు సీసా మూత బిగిస్తూ. "తేనెతుట్టెకు ఎంతో మాత్రం చెప్తలేరు." తేనె డబ్బులు ఎప్పుడూ ఇచ్చేదానికన్నా యాభై ఎక్కువిచ్చాను. ఆయన లెక్కబెట్టి ఆ యాభై తిరిగిచ్చేశాడు.

ఇట్లా కాదని తాతను తలుచుకున్నాను. మా తాతకు తూర్పు ఎడ్లంటే ప్రాణం. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలు, నల్లమల రాళ్లల్లో కూడా జారని గిట్టలు. 2020లో ఢిల్లీవాళ్లు 'పొడ తూర్పు' అని జాతికి గుర్తింపు ఇచ్చారు గానీ, తాత దృష్టిలో 1950లోనే ఢిల్లీకన్నా అవి పెద్దవి. దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు జతను తోలుకపోయేవాడు. అక్కడ బేరం నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలు నొక్కితే ఇన్ని, రెండు నొక్కితే ఇన్ని. చుట్టూ ఉన్నవాళ్లకు ఇద్దరి మొహాలు తప్ప ఏమీ కనబడవు. తాత తువ్వాల కింద అయిదు వేళ్లూ కలిపి ఒక్క పిడికిలి పట్టేవాడట. అవతలివాడు చెయ్యి లాక్కునేవాడట. అట్లా పదిమంది చేత చేతులు లాక్కునేట్టు చేసి, సాయంత్రానికి ఎడ్లను మళ్లీ తోలుకుని నాలుగు రోజులు నడిచి ఇల్లు చేరేవాడు. నాయినమ్మ అడిగితే, "అమ్మెటందుకు పోయిన్నా? ఎంత పలుకుతయో చూసొద్దామని పోయిన" అనేవాడు.

అదే దారి అనుకున్నాను. ఇన్నోవా ఆయనకు ఫోను చేసి, ఆయన చెప్పినదానికి రెండింతల మీద ఇంకొంత కలిపి, పిడికిలి పట్టాను. ఇప్పుడు చెయ్యి లాక్కుంటాడని చెవిదగ్గర ఫోను పెట్టుకుని నవ్వుకుంటున్నాను.

"సరే అన్నా. సోమారం టోకెన్ తెస్త" అన్నాడు.

తాతకు ఇట్లా ఎప్పుడూ జరగలేదు. జరిగి ఉంటే ఏం చేసేవాడో ఎవరికీ చెప్పలేదు.

ఆ మూడు రోజులు నేను అన్నం తిన్నానో లేదో మా ఆవిడను అడగాలి. ఒకవైపు ఆశ. అబద్ధమెందుకు, చాలా పెద్ద ఆశ. ఏడుగురికి పంచినా నా పాలికి వచ్చేదానితో కారు మారుతుంది, టైల్సు పడతాయి, మోకాళ్లు కూడా కొత్తవి వేయించుకోవచ్చు. ఇంకోవైపు ఆ నిచ్చెన. కొత్త మోకాళ్లతో ఎక్కడానికి ఇల్లుండదు. గ్రూపులో ఏడుగురూ ఒకేసారి మూగబోయారు. ధర రెండింతలయ్యేసరికి మేనత్త పెండ్లి గురించి కూడా మాట్లాడలేదు.

మమ్మల్ని కాపాడింది ప్రేమ కాదు, కాగితాలు. అంటే, కాగితాలు లేకపోవడం. ఆదివారం అటక మీది ట్రంకుపెట్టె దించాం. అందులో ఎడ్లు అమ్మని తాత ఎడ్లు కొన్న రసీదులు, నాయిన బళ్లో పంతులుగా చేరిన ఉత్తర్వు, ఎలుకలు సగం చదివిన పంచాంగం, ఇంటి పన్ను రసీదుల కట్ట ఉన్నాయి. దస్తావేజు లేదు. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇండ్ల జాగలో ఉంది. ధరణిలో లేదు, 2025లో దాని బదులు వచ్చిన భూభారతిలోనూ లేదు, ఎందుకంటే అవి సాగుభూముల లెక్కలు. పన్ను రసీదులే దిక్కనుకుంటే, ఎప్పుడో ఎవరో ఇంటిపేరులో ఒక అక్షరం మార్చేశారు. కాగితం ప్రకారం మా తాత వేరే వంశంలో పుట్టాడు. ఈ భూమ్మీద లేని ఆ మనిషి, మేము పుట్టకముందు నుంచీ మా ఇంటికి క్రమం తప్పకుండా పన్ను కడుతున్నాడు.

వకీలు అన్నీ తిప్పి చూసి కండ్లద్దాలు తీశాడు. "ఇవన్నీ సరే. అమ్రాబాద్ మండలంలో షెడ్యూల్డ్ గ్రామాలున్నయి. ముందుగాల మీ జాగ దాంట్ల వస్తదా రాదా తేల్చుకోండి. వస్తే 1/70 పడ్తది." 1970లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనులకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అడవి బిడ్డల జాగను అంగట్లోకి రానీయకుండా పెట్టిన కంచె అది. ఆ కంచె ఉన్నందుకే ఈ ప్రాంతం ఇంకా ఇట్లా ఉందని నా అభిప్రాయం, నా టైల్సు పోయినా సరే.

సోమవారం ఇన్నోవా వచ్చింది. వాకిట్లోనే నిలబెట్టి అంతా చెప్పాను. ఏడు సంతకాలు, డాలస్ నుంచి ఒక పవర్ ఆఫ్ అటార్నీ, పుట్టని తాత, గ్రామకంఠం, 1/70. ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన మొహం మారుతూ వచ్చింది. ఆ మొహం నేనెరుగుదును. తొమ్మిదీ పదికి గేటు దగ్గర కారు దిగినవాడిది.

"అన్నీ తేలితే చెప్పన్నా" అన్నాడు. "తప్పకుండ" అన్నాను. ఆయన నంబరు ఫోనులో ఉంది. తీసేయలేదు, చేయలేదు కూడా.

మేము సర్వే నంబరు తేల్చుకునే పని ఇంకా మొదలుపెట్టలేదు. గ్రూపులో మళ్లీ గుడ్ మార్నింగులు వస్తున్నాయి. ఉప్పునుంతల దగ్గర ఒక పాత ఇల్లు కూలిందంటే పోయి మూడు వందల పెంకలు తెచ్చి మృగశిరకు ముందే కప్పించాను. బాత్రూంలో టైల్సు కూడా వేయించాను. తెల్లవి. కోతులు కిటికీలోంచి వాటిలో మొహం చూసుకుంటున్నాయని మా ఆవిడ ఫిర్యాదు.

ఇక మిగిలింది పక్కింటి పెద్దమ్మ. బేరం సంగతి ఊరంతా తిరిగినప్పుడే ఆమె కట్టె పట్టుకుని వచ్చి వంటకొట్టు గోడ దగ్గర నిలబడింది. "మీ అమ్మది పదిహేడు రోజుల పాల బాకి ఉన్నది. ఇల్లమ్మితే నాది తీర్చినంకనే అమ్మున్రి" అంది. ఇల్లు అమ్మడం లేదు గదా, బాకీ అయినా తీరుద్దామని మొన్న అప్పటి ధరకు లెక్కగట్టి, మీద కొంత కలిపి పట్టుకుపోయాను. ఆమె డబ్బు వంక చూడలేదు.

"మీ జాగకు గజం ధర పెరిగె, నా పాలకు పెరగదా?" అంది.

ఇప్పటి ధర ఇస్తానన్నాను. వడ్డీ ఏదంది. ఆ బేరం ఇంకా తెగలేదు. గోడ మీది గీతలూ అట్లాగే ఉన్నాయి.